హాయి పట్టీ

మొదటి కాన్పయ్యాక విశాల చాలాకాలం నవ్వలేదు.

ఆమెకు పుట్టిల్లంటే అక్క ఇల్లే. తండ్రి చిన్నప్పుడే పోయాడు, తల్లి ఈమె బడి చదువు పూర్తికాకముందే పోయింది. అందుకని కాకినాడలో అక్క కాత్యాయని అద్దెకుండే రెండు గదుల ఇంట్లోనే పురుడు పోశారు. కాత్యాయని డాక్టరు చదువు చదివినా, రోగుల్ని చూడటం మానేసి ఒక పరిశోధనశాలలో నరాల మీద పనిచేస్తోంది. నొప్పి ఒంట్లో ఎక్కడ పుట్టి ఏ దారిన మెదడుకు చేరుతుందో అడుగడుగూ చెప్పగలదు. అంత తెలిసిన మనిషి, చెల్లెలు కుట్లు చీముపట్టి ఒక పక్కకు ఒరిగి కూర్చుని, బిడ్డ రొమ్ము పట్టిన ప్రతిసారీ దిండు అంచు కొరుక్కుంటుంటే గుమ్మంలో నిలబడి చూడటం తప్ప ఏమీ చేయలేకపోయింది. చూడ్డానికొచ్చిన వాళ్ళందరిదీ ఒకటే ఓదార్పు. "లోకంలో నువ్వొక్కదానివే కన్నావా తల్లీ?"

ఒక మధ్యాహ్నం విశాల ఉయ్యాల వంక చూస్తూ, కూరలో ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా అడిగింది.

"అక్కా, దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దామా?"

కాత్యాయని గబుక్కున వచ్చి ఉయ్యాల పట్టుకుంది. "అలా అనకూడదే."

"అనకూడదని తెలుసు. అందుకే ఇంకెవరితోనూ అనలేదు."

కొన్నాళ్ళకు విశాల కోలుకుంది. అత్తారింటికి వెళ్ళింది. ఇచ్చేద్దామన్న ఆ బిడ్డనే, జాహ్నవినే, నేలమీద కాలు పెట్టనివ్వకుండా పెంచుకుంది. కానీ ఆ మధ్యాహ్నం మాట కాత్యాయనిని వదల్లేదు. మిగతా పనులన్నీ పక్కనపెట్టి దాని వెంట పడింది. అలా తయారైందే హాయి పట్టీ.

చూడ్డానికి అరచేతిలో సగం ఉండే మెత్తటి పట్టీ. నడుము కింద అంటిస్తే కంటికి ఆనని ముళ్ళు చర్మంలోకి దిగి కరిగిపోతాయి. వాటిలోని రేణువులు నరాల మీద కాపలా కూర్చుంటాయి. కుట్ల సలుపు, పొత్తికడుపు బరువు, ఒళ్ళలుపు, కారణం తెలియని దిగులు, ఇవేవీ మెదడు దాకా పోనివ్వవు. పాలల్లో కలవవు. ఏడాదికి వాటంతటవే అరిగిపోతాయి. ఈలోగా ఆపాలంటే విరుగుడు సూది వేయాలి.

మొదట పరిశోధనశాల వెనక రేకుల షెడ్డులో గొర్రెల మీద ప్రయత్నించారు. కష్టమైన ఈత ఈనిన గొర్రె, పట్టీ వేసిన కాసేపటికి లేచి నిలబడి, పిల్లను నాకి, మేత తొట్టి దగ్గరికి నడిచింది. డైరెక్టరు చలపతి చప్పట్లు కొట్టి, "మనుషులక్కూడా ఇలాగే జరిగితే కాత్యాయని గారూ, మీ పేరు ప్రతి ఇంట్లో తల్చుకుంటారు" అన్నాడు.

మనుషులక్కూడా అలాగే జరిగింది. ఊళ్ళోని ఒక ఆసుపత్రి కాన్పుల వార్డులో, ఇష్టపడిన వాళ్ళకు పట్టీ వేశారు. తర్వాత ఫోన్ చేసి అడిగేవారు. నిద్ర పడుతోందా? నొప్పి ఉందా? బిడ్డను చూస్తే ఏమనిపిస్తోంది? బతుకు ఎలా ఉంది? ప్రతివాళ్ళదీ ఒకే జవాబు: చాలా బాగుందండీ, అసలు కన్నట్టే లేదండీ.

ఆ ప్రయత్నంలో పట్టీతోపాటు పాఠాలు కూడా ఉండేవి. బాలింతనూ ఆమె ఇంటివాళ్ళనూ కలిపి కూర్చోబెట్టి, ఏం తినాలి, ఎలా లేవాలి, బరువులు ఎప్పటిదాకా ముట్టకూడదు, ఏ లక్షణం కనిపిస్తే పరుగెత్తుకు రావాలి అని చెప్పే పాఠాలు. వాటన్నిటికీ పట్టుకొమ్మ ఒక్కటే మాట: నొప్పనిపిస్తే ఆగండి. పట్టీ వేశాక ఆ తరగతులకు వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. వచ్చినవాళ్ళు సెల్‌ఫోన్లు చూసుకుంటూ కూర్చునేవారు. "నొప్పే లేనప్పుడు ఈ పాఠాలెందుకు? చెప్పే మనుషుల్ని ఇంకో పనికి వాడుకుందాం" అన్నాడు చలపతి. కాత్యాయనికీ అది సబబుగానే తోచి, పాఠాలు ఆపేశారు.

విశాల రెండోసారి కడుపుతో వచ్చినప్పుడు నోరు తెరిచి అడిగింది. "నాకూ ఆ పట్టీ వేస్తావుగా?"

"నీకోసమే చేసిందే అది."

ఈసారి మగపిల్లాడు. పట్టీ వేసిన మర్నాడే విశాల మంచం మీద మఠం వేసుకు కూర్చుని, వెల్లుల్లికారం అన్నం ఇంత పెట్టించుకు తిని, బిడ్డను ఒళ్ళో వేసుకుని వాడి ముక్కు ఎవరిదో తేల్చాలని అక్కతో గొడవపెట్టుకుంది. వారం తిరగకముందే మెట్లు దిగి వీధి చివర కూరల బండి దాకా వెళ్ళొచ్చింది. కాత్యాయని ఆమెను కళ్ళారా చూసుకుంది. కాలేజీలో వచ్చిన పతకాలు, విదేశాల్లో చదివిన పత్రాలు అన్నీ కలిపినా ఆ మెట్లు దిగిన చప్పుడుకు సరిరావనిపించింది.

విశాల అత్తవారిది సామర్లకోట. భర్త సత్తిబాబు, అత్త వెంకాయమ్మ కలిసి పచ్చళ్ళ వ్యాపారం చేస్తారు. ఎండలు ముదిరి ఆవకాయ రోజులు దగ్గరపడ్డాయి. సత్తిబాబు బిడ్డను చూడ్డానికి వచ్చినప్పుడు నసిగాడు.

"అమ్మకి మోకాళ్ళు పట్టేసినాయి వదినగారూ. పనివాళ్ళు ఈసారి సరిగ్గా దొరకలేదు. తనని తీసుకెళ్ళిపోదామని కాదు... ఊరికే చెబుతున్నానంతే."

"వెళ్ళిపోతానక్కా" అంది విశాల. "ఇక్కడ గోడలు చూస్తూ కూర్చోలేకపోతున్నా. ఒంట్లో ఎంత ఓపికుందో నీకేం తెలుసు!"

ఇంకో రెండు నెలలైనా ఉంచుకోవాలి. కాత్యాయనికి ఆ సంగతి తెలుసు. కానీ ఎదురుగా చెల్లెలు పసివాణ్ణి భుజాన వేసుకుని, రెండో చేత్తో సంచి సర్దుకుంటూ కళకళలాడుతోంది. ఆ మొహాన్ని చూసి వద్దనడానికి నోరు రాలేదు. "బరువులెత్తకు" అని మాత్రం చెప్పి పంపింది.

మళ్ళీ చూసింది ఆవకాయ పని నడిమధ్యలో ఉన్నప్పుడు. సెలవు దొరికి చెప్పకుండా సామర్లకోట వెళ్ళింది. పెరట్లో పందిరి కింద మామిడికాయ ముక్కలు రాసులు పోసి ఉన్నాయి. ఆవపిండి ఘాటుకు గుమ్మంలోనే తుమ్మొచ్చింది. విశాల కొంగు దోపుకుని, నిండా కలిపిన పచ్చడి జాడీని పొట్టకానించుకుని పందిట్లోంచి కొట్టుగదిలోకి మోసుకెళ్తోంది. ఆ జాడీని మామూలుగా ఇద్దరు పట్టుకుంటారు.

"అక్కా! చెప్పకుండా వచ్చావేంటే!" జాడీ దించి నవ్వుతూ వచ్చి చెయ్యి పట్టుకుంది.

కాత్యాయని చూపు కిందికి పోయింది. చెల్లెలు నడిచొచ్చిన గచ్చు వంక చూస్తోంది. గచ్చు మీద తడి. కుచ్చెళ్ళు తడిసి కాళ్ళకు అంటుకున్నాయి.

"చీర తడిసిందేమిటే?"

విశాల కిందికి చూసుకుంది. "ఉప్పునీళ్ళు ఒలికుంటాయి. పొద్దుట్నుంచీ ఇలాగే అవుతోంది. మార్చుకుంటూనే ఉన్నా."

ఉప్పునీళ్ళ వాసన కాదది.

గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసి పరీక్ష చేసింది. గర్భసంచిని, మూత్రపు తిత్తిని కింది నుంచి ఊయల గుడ్డలా మోసే కండరాలు తెగి చీలికలైపోయాయి. గర్భసంచి దాదాపు బయటికి జారి ఉంది. లోపల కుట్లు ఎప్పుడు విడిపోయాయో, పుండు పడి ఉంది. ఇలాంటి స్థితిలో మామూలు ఆడది నిలబడలేదు. కూర్చోలేదు.

విశాల పడుకునే చేతివేళ్ళకంటిన కారం చూసుకుంటోంది. "ఏంటే అంతసేపు? పిల్లాడు లేచే వేళైంది."

"నీకేమీ తెలియట్లేదా?"

"ఏం తెలియాలి? నాకేం లేదక్కా."

విరుగుడు సూది తెస్తానని, అందాకా మంచం దిగొద్దని చెబితే విశాల తలూపింది. ఇల్లు విడిచి వీధి మలుపు తిరక్కముందే, పందిట్లోంచి ఆమె గొంతు వినపడింది, "ఆ నూనె డబ్బా ఇలా ఇవ్వండి" అని. మంచంలో ఉండాలని ఆమె ఒంటికి ఎవరు చెబుతారు? చెప్పే దారులన్నీ తనే మూసింది.

అటునుంచి అటే పరిశోధనశాలకు వచ్చి పడింది. పట్టీ వేయించుకున్న వాళ్ళందర్నీ మళ్ళీ పిలిపించమంది. ఆడడాక్టర్లను కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ పరీక్ష చేయించింది. పొలాల నుంచి, కుట్టుమిషన్ల దగ్గర్నుంచి, రొయ్యల ఫ్యాక్టరీ నుంచి వచ్చారు. బిడ్డల్ని ఎత్తుకుని, కబుర్లు చెప్పుకుంటూ, నవ్వుకుంటూ వచ్చారు. పట్టీ పుణ్యమా అని కాన్పైన కొద్దిరోజులకే వీళ్ళను పనుల్లో దించేశారు. కొందరిని ఇంటివాళ్ళు దించారు, చాలామంది వాళ్ళంతట వాళ్ళే దిగారు. పరీక్ష గదిలోంచి బయటికి వచ్చిన డాక్టర్ల మొహాలు చూస్తే చాలు, కాత్యాయనికి అర్థమైపోయేది. అందరికీ కాదు. కానీ ఆమె భయపడిన దానికంటే చాలా ఎక్కువమందికి.

చలపతి అంతా విన్నాడు. చెడ్డవాడు కాదు. కళ్ళద్దాలు తీసి కాసేపు కళ్ళు నలుపుకున్నాడు.

"మీరు చెప్పేది నిజమే. కానీ వాళ్ళనే అడగండి, ఒక్కరైనా బాగాలేదంటారేమో. ఏ కొలతతో కొలిచినా వాళ్ళ బతుకు బాగుందనే వస్తోంది. మనం ఏం కొలుస్తామని చెప్పి అనుమతి తెచ్చుకున్నామో దాని ప్రకారం ఇది విజయం."

"సార్, ఆడవాళ్ళు చీలిపోతున్నారు. వాళ్ళకే తెలియడం లేదు."

"పట్టీ తప్పు కాదుగా అది? బరువులెత్తడం తప్పు. పాఠాలు మళ్ళీ మొదలుపెడదాం. మీరే చెప్పండి. దిగులుతో బిడ్డను నూతిలో పారేయబోయిన తల్లులు కూడా ఉన్నారు కదా, వాళ్ళ మాటేమిటి? ఇది ఆపేస్తే వాళ్ళకేం సమాధానం చెబుతారు?"

కాత్యాయనికి ఉయ్యాల వంక చూస్తూ అడిగిన చెల్లెలు గుర్తొచ్చింది. అలాంటి తల్లిని తను చూసింది. పట్టీ కనిపెట్టింది ఆమె కోసమే.

ఆ పరీక్షలన్నిటికంటే ముందే, చెల్లెల్ని చూసొచ్చిన మర్నాటి పొద్దునే, సామర్లకోటలో విరుగుడు సూది వేసినప్పుడు వెంకాయమ్మ, సత్తిబాబు ఇద్దరూ గదిలోనే ఉన్నారు. విశాల పిల్లాడికి పాలిచ్చి, మూతి తుడిచి, అత్త చేతికిచ్చింది. "ఊరికే కంగారు పెడుతున్నావు" అంటూ చెయ్యి చాపింది.

కాసేపు ఏమీ కాలేదు. తర్వాత ఆమె నుదుటి మీద చెమట పట్టింది. మాట మధ్యలో ఆపి, ఎవరో పిలిచినట్టు పక్కకు చూసింది. కాళ్ళు దగ్గరికి ముడుచుకుంది. ఆపైన అరిచింది. ఆ అరుపుకు వీధిలో పోయేవాళ్ళు ఆగిపోయారు. పిల్లాడు గుక్కపట్టాడు. జాహ్నవి పరుగున వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. నొప్పికి మందుంది, కాత్యాయని వేసింది కూడా. కానీ ఇన్నాళ్ళ కాపలా ఒక్కసారి తీసేసిన ఒంటి మీద ఆ మందు ఎంతకని పనిచేస్తుంది?

"అమ్మా... అమ్మా..." అంటోంది విశాల. లేని తల్లిని పిలుస్తోంది. కాత్యాయని చెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకుంది. పట్టుకోనివ్వడం తప్ప కాత్యాయని చేయగలిగింది లేదు.

సత్తిబాబు గోడకానుకుని కూలబడ్డాడు. "నవ్వుతానే ఉంది కదా వదినగారూ. నిన్నటిదాకా నవ్వుతానే ఉంది. నాకెలా తెలుస్తాది?"

వెంకాయమ్మ మనవణ్ణి భుజాన వేసుకుని జోకొడుతూ, కోడలి వైపు చూడలేక కిటికీలోకి మొహం తిప్పుకుంది.

"సత్తిబాబు పుట్టాక నన్నూ వడ్ల మిల్లుకి తోలేశారమ్మా కాత్యాయనీ. అప్పట్నుంచీ నాకూ జారిపోయింది. ఎవరితో చెప్పుకుంటాం? గుడ్డ కట్టుకుని తిరుగుతున్నా. నా కోడలికి ఆ గతి రాకూడదని మొదటి కాన్పుకి దీన్ని అడుగు కదపనివ్వలేదు. మూలుగుతా ఉండేది, ఆ మూలుగు వింటా నేనే అన్నీ చేసుకునేదాన్ని. ఈసారి మూలుగు లేదు. కొత్త మందు వచ్చింది, దీనికి ఆ బాధ తప్పిందనుకున్నా. నీమీద ఒట్టు, సంతోషించానమ్మా."

ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంటుంటే కాత్యాయని తలొంచుకుంది. ఆ ఇంట్లో నిందించడానికి ఒక్కరు దొరికినా బాగుండేదనిపించింది.

సాయంత్రానికి అరుపులు మూలుగులయ్యాయి. వెంకాయమ్మ గంజి కాచి తెచ్చి, చెంచాతో తాగించింది. పచ్చడి పని ఆపేసి పనివాళ్ళను పంపేశారు. సత్తిబాబు తెలిసీ తెలియని చేతులతో భార్య చీరలు ఉతికి తీగమీద ఆరేస్తున్నాడు. "పడుకో తల్లీ, నువ్వేం లేవకు, నేను చూసుకుంటా" అని అత్త అంటుంటే విశాల పైకప్పు వంక చూస్తూ నెమ్మదిగా అంది.

"ఇంత అరిస్తే గాని పడుకోమనరన్నమాట."

వెంకాయమ్మ గంజి గిన్నె కింద పెట్టి, దుప్పటి సర్దింది.

తర్వాత చూసిన పెద్ద డాక్టరు, పుండు మానాక ఆపరేషన్ చేద్దామంది. జారినదాన్ని పైకి కుట్టవచ్చు గాని, కండరాలు మునుపటిలా కావని చెప్పింది. పిల్లల్ని ఎత్తుకోవద్దని, నిండు బిందె ముట్టొద్దని, తుమ్మినా దగ్గినా గుడ్డ తప్పదని చెప్పింది. చెప్పాల్సినవన్నీ మెత్తగానే చెప్పింది. విశాల అన్నిటికీ తలూపింది. పాత దిగులు కూడా తిరిగొచ్చింది. జాహ్నవి "ఎత్తుకోమ్మా" అని కాళ్ళకు చుట్టుకుంటే, ఆ పిల్ల జుట్టు నిమరడానికి కూడా చెయ్యి లేచేది కాదు.

ఆపరేషన్ కోసం ఎదురుచూసే రోజుల్లో, కాత్యాయని పక్కన కూర్చుని నడుము కింద దిండు సర్దుతుంటే, విశాల ఆమె చెయ్యి ఆపింది.

"అక్కా, ఇంకో పట్టీ వెయ్యవే."

"వద్దమ్మా. చూశావుగా."

"చూశాను. అయినా అడుగుతున్నా. అప్పుడు నేను బాగున్నా. నా పిల్లాణ్ణి చూసి నాకు నవ్వొచ్చేది. పెద్దదాన్ని ఎత్తుకుని తిప్పేదాన్ని. నువ్వు నొప్పి తీసేశావు, కానీ నా చేతుల్లోంచి జాడీ తియ్యలేకపోయావు. ఇప్పుడెలాగూ జాడీ ముట్టను. అది తప్ప మిగతావన్నీ నాకు తిరిగిచ్చెయ్."

"మానే పుండు మానకుండా పోతే నీకు తెలియదే. ఒంట్లో విషం ఎక్కినా నీకు తెలియదు."

"తెలియకుండానే పోతాగా మరి."

కాత్యాయని చెల్లెలి తలను ఒళ్ళోకి తీసుకుంది. వేస్తానని అనలేదు, వెయ్యనని గట్టిగా అనలేకపోయింది. విశాల ఏడ్చి ఏడ్చి నిద్రపోయాక కూడా కాలు కదపలేదు.

హాయి పట్టీకి అనుమతి వచ్చింది. కాత్యాయని పంపిన అభ్యంతరాన్ని అనుమతులిచ్చే పెద్దలు గౌరవంగానే చదివారు. దాని ఫలితంగా పట్టీ పెట్టె మీద ఒక హెచ్చరిక చేరింది: బరువులు ఎత్తరాదు. ఆమె పరిశోధన మానేసి, అదే కాన్పుల వార్డులో పాఠాలు చెప్పే పని అడిగి తీసుకుంది. ఇప్పుడు పాఠంలో "నొప్పనిపిస్తే ఆగండి" అన్న మాట తీసేసి, "నొప్పి లేకపోయినా ఆగండి" అని పెట్టింది. అత్తల్ని, భర్తల్ని కూడా పిలిచి చెబుతుంది. అద్దం ఇచ్చి, రోజూ ఒంటిని ఎలా చూసుకోవాలో నేర్పిస్తుంది. కొందరు వింటారు. వాళ్ళు వింటున్నారన్న ఆశతోనే మర్నాడు మళ్ళీ వెళ్తుంది.

ఒకరోజు నూకరత్నం అనే చేపల బజారు పిల్ల పాఠమంతా ముందు వరసలో కూర్చుని శ్రద్ధగా వింది. బాలింతరాలై ఇంకా వారం కాలేదు. ఇంటికి పంపేస్తున్నారు. పట్టీ వేసిన ఒళ్ళు, మొహం విచ్చుకున్న పువ్వులా ఉంది. అద్దం తీసుకుని చీర కొంగులో చుట్టుకుంది. అన్నీ తిరిగి అడిగితే తడుముకోకుండా అప్పజెప్పింది. కాత్యాయనికి సంతోషమేసింది.

"అయితే ఇంటికెళ్ళి ఏం చేస్తావు?"

"రేపట్నుంచి బజారుకండి. మా ఆయన సముద్రం మీద ఉన్నాడు, గంపెత్తేవాళ్ళు లేరు."

"ఇప్పుడేగా అప్పజెప్పావు, ఎత్తకూడదని!"

"బాగోలేనివాళ్ళు ఎత్తకూడదండి. నాకేం లేదు కదండి."

కాత్యాయని మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. లోపల ఏం తెగుతుందో, ఎందుకు తెలియదో చేతులతో చూపించి చెప్పింది. చెల్లెలి సంగతి చెప్పింది. చెబుతూ చెబుతూ ఉండగా కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి.

నూకరత్నం కంగారుపడి, బిడ్డను పక్కమీద పడుకోబెట్టి, లేచి వచ్చింది. కొంగుతో డాక్టరమ్మ కళ్ళు తుడిచి, బల్లమీద కూర్చోబెట్టింది.

"మీరెందుకండీ ఏడుస్తారు? ఊరుకోండమ్మా, ఊరుకోండి" అంటూ ఆమె వీపు నిమిరింది. "నేను బాగానే ఉన్నానండి."